అయస్కాంతం జారిన చోటు

ముందు బోనెట్ మీద అరచెయ్యి పెట్టు, హిల్యా.
వెచ్చగా ఉందా?
అయితే మనం రాకముందే దీన్నెవరో నిద్ర లేపారు.
చల్లటి ఇంజనుకి అబద్ధమాడటం రాదు,
మొదటి దగ్గులోనే జబ్బంతా చెప్పేసుకుంటుంది.
అందుకే రైమో కాఫీకి పిలిస్తే సరేనన్నాను.
మూడు కప్పులు తాగాను.
చల్లారనీ.

ఔలు ఊళ్ళో ఏప్రిల్ వసంతమేం కాదు,
మంచు లెక్కలు అప్పజెప్పే నెల.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
చక్రాల వెనక, అంచుల కింద, మనం వంగి చూడని చోటల్లా
మెల్లగా భోంచేస్తూనే ఉంటుంది.
ఉప్పు తిన్న విశ్వాసమని ఒక మాటుంది కదా.
ఇక్కడ ఉప్పే ఇనుముని తింటుంది,
దానికేం విశ్వాసం?

ముప్ఫై ఒక్క ఏళ్ళు తనిఖీ కేంద్రం గోతిలో నిలబడి
కార్ల పొట్టలు చూస్తూ బతికినవాణ్ణి.
మొహాలు నాకు గుర్తుండవు.

రంగు చూడకు.
ఎరుపు అందరికీ నచ్చుతుంది, అందుకే అది ఎరుపు.
తలుపు రబ్బరు వేలితో తిప్పి చూడు,
దాని మడతలో ఎర్ర తుంపర కనిపిస్తే
ఈ బండి ఫ్యాక్టరీ దాటాక ఇంకోసారి పుట్టిందన్నమాట.
నాలుగు టైర్లకీ నాలుగు కంపెనీలా?
సొంతదారు వేగం కొనుక్కున్నాడు,
ఆగడానికి డబ్బు మిగల్లేదు.
ఆయిల్ మూత విప్పు. లోపల మీగడ కడితే
మూత బిగించి, నమస్కారం చెప్పి, ఇంటికెళ్ళిపోదాం.
లేదా? మంచిది.

సీట్ల వెనక కార్పెట్‌ని పిడికిలితో అదుము.
మడిచే పైకప్పు మూలల్లో రెండు సన్నటి కన్నాలుంటాయి,
వాన దిగిపోవడానికి.
బిర్చ్ ఆకులు వాటిలో కూరుకుపోయాయంటే
నీళ్ళు వేరే దారి చూసుకుని
తలుపు కింది సిల్ లోపల కాపురం పెడతాయి.
బయటికేమీ తెలీదు.
పైన పటారం, లోన లొటారం.

రుమాల్లో చుట్టిన అయస్కాంతం తీశాను.
"డాక్టర్ని వెంటబెట్టుకొచ్చావే!" అని నవ్వాడు రైమో.
రాత్రి డ్యూటీ కళ్ళతో హిల్యా నవ్వలేదు,
నిజం డాక్టర్లతో రోజూ పనిచేసే నర్సు కదా.

కుడివైపు అతుక్కుంది.
ముందువైపు అతుక్కుంది.
ఎడమవైపు, వెనక చక్రానికి జానెడు ఇవతల,
జారి
కంకర్లో పడింది.

రైమో దగ్గాడు.
ఇంజను ఇంకా స్టార్ట్ చెయ్యనేలేదు.

కాగితాలడిగాను.
నీలం ఫైల్లో అన్నీ వరసగా పెట్టాడు పాపం,
పద్నాలుగేళ్ళ కిందటి పచ్చ కాగితం కూడా:
"ఎడమ సిల్, చిల్లు. తిరస్కరణ."
ఆ "త" వంపు ఎవరిదో తెలిసినట్టుంది.
దాని కిందే, రెండు వారాల తర్వాతి తేదీతో:
"సరిచేశారు. ఆమోదం."
అదే పెన్ను.
అదే వంపు.

శుక్రవారం సాయంత్రం అయ్యుంటుంది.
గోతిలో లైటొకటి మాడిపోయి ఉంటుంది.
పుట్టీ మీద పూసిన నల్ల పూత మెరిసి ఉంటుంది,
నేను కళ్ళతోనే సరిపెట్టుకుని ఉంటాను.
ఉంటుంది, ఉంటాను...
జేబులో ఆ రోజు అయస్కాంతం ఉందో లేదో
ఎంత తవ్వుకున్నా గుర్తు రావడం లేదు.

హిల్యా కాగితం వైపు చూసి, నా వైపు చూసింది.
"ఇది మీ సంతకమేనా, వెయిక్కో?"
"నాదే."
ఇంకేమీ అడగలేదు.
ఎనిమిది వందల యూరోలు తగ్గిస్తానన్నాడు రైమో,
ఆమెకి కాదు, నాకు చెబుతున్నట్టు.
"పదమూడు వందలు," అంది ఆమె,
సూది గుచ్చే ముందు చేసే గొంతుతో.

కొనొద్దనే చెప్పాలి నేను.
నోట్లో ఉంది మాట.
ఈలోగా ఆమె ఎక్కి కూర్చుంది,
ఆరు డిగ్రీల చలిలో పైకప్పు వెనక్కి తోసి,
టోపీ చెవుల మీదికి లాక్కుని
తాళం తిప్పింది.

ఒక్కసారే దగ్గింది బండి.
నీలం పొగ లేదు.
రెండో గేరు మాత్రం పళ్ళు నూరింది,
వీధి చివర దాకా వినిపించింది.

నేను మోకాళ్ళ మీద వంగి కంకర్లో వెతికాను.
దొరికింది.
ఎక్కడెక్కడి ఇనప రజనో అంటుకుని
దానికి నల్లగా గడ్డం మొలిచింది.